బాల్కనీలో సైకిల్

మా చెల్లెలి కొడుక్కి తొమ్మిదేళ్ళు. వాళ్ళుండేది నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్ ఊళ్ళో. పొద్దున బ్యాగు తగిలించుకుని, సైకిలెక్కి, వాడే బడికి వెళ్ళిపోతాడు. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఇదంతా విన్న మావాడు, ఫోన్ పెట్టేశాక అడిగాడు: "అమ్మా, వాడికన్నా నేను రెండేళ్ళు పెద్ద కదా, మరి నన్నెందుకు పంపవు?"

ఏం చెప్పాలో తోచలేదు.

మేముండేది బెంగుళూరులో, మారతహళ్ళి దగ్గర మున్నేకొళాల. స్కూలు కిలోమీటరున్నర. అయినా ఏడుంబావుకే వ్యాన్ ఎక్కాలి. అది ఇంకో పదిమందిని ఎక్కించుకుంటూ తిరిగి తిరిగి ఎనిమిదికి చేరుతుంది. వ్యాన్ రాకపోతే నేను స్కూటీ మీద దింపి, అటునుంచటే ఆఫీసుకి పరుగు. సాయంత్రం ట్యూషన్‌కి నేను, కరాటేకి వాళ్ళ నాన్న. పదకొండేళ్ళ పిల్లాడు ఒక్కడే వెళ్ళేది గేటు వరకే. మదనపల్లెలో నేను మూడో తరగతి నుంచే ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను.

పోయినేడు పుట్టినరోజుకి కొన్న సైకిల్ బాల్కనీలో ఉంది. టైర్లలో గాలి పోయింది. హ్యాండిల్ మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాం. ఆ రాత్రి అవి తీస్తుంటే ఏడుపొచ్చింది.

మర్నాడు వాడితో కలిసి ఆ దారిన నడిచాను. మా గేటు నుంచి వంద అడుగులు ఫుట్‌పాత్ బాగుంది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం, రోడ్డు మీదికి దిగాలి. మళ్ళీ ఎక్కితే స్లాబు పగిలి కింద మురుగు కనిపిస్తోంది. వాడు దాన్ని దాటబోతుంటే వెనక నుంచి ఫుట్‌పాత్ మీదే ఒక బైక్, హారన్ కొడుతూ. వాడి చెయ్యి గట్టిగా లాగాను, మణికట్టు ఎర్రగా కందిపోయింది.

మన పిల్లలూ అక్కడిలా సైకిల్ మీద బడికెళ్ళాలి అంటే, "వాళ్ళ దేశం వేరు, సైకిల్ వాళ్ళ రక్తంలోనే ఉంది" అంటారు. నేనొప్పుకోను. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేలమందికి పైగా పోయారు, అందులో నాలుగు వందలమందికి పైగా పిల్లలే. అప్పుడు తల్లిదండ్రులు 'పిల్లల హత్య ఆపండి' అన్న పేరుతోనే ఉద్యమం లేవదీశారు. వీధులు మారడం మొదలైంది ఆ తర్వాతే. ఉట్రెక్ట్‌లో ఒకప్పుడు కాలువను ఎండగట్టి కార్ల కోసం పెద్ద రోడ్డు వేశారు. దాన్ని తవ్వేసి 2020లో మళ్ళీ నీళ్ళు నింపారు.

మన ఊరికి చేతకాక కాదు. చర్చ్ స్ట్రీట్‌లో ఒకసారి నడిచి చూడండి, పిల్లల చెయ్యి వదిలేయొచ్చు. అలాంటి ఫుట్‌పాత్‌లు ముందు బడి దారుల్లో వెయ్యాలి. ఫుట్‌పాత్ అనేది జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టే 2025 మేలో చెప్పింది.

ఈ శనివారం ఏడున్నరకి మా గేటు నుంచి స్కూలు దాకా నడుస్తున్నాను. ఫుట్‌పాత్ ఎక్కడెక్కడ తెగిందో ఫొటోలు తీసి, కొలిచి, అర్జీ పెడతాను. ఒక్కరి సంతకం కన్నా యాభైమందివి ఉంటే మేలు. మున్నేకొళాల వైపు పిల్లలున్నవాళ్ళు ఎవరైనా వస్తారా?