వాజపేయి ప్రభుత్వాన్ని పడగొట్టింది మన గమాంగ్ ఒక్కరేనా?

మొన్న ఒడిశాలో, కోరాపుట్ లోక్‌సభ స్థానం కిందికి వచ్చే గుణుపూర్‌లో మా మేనమామ గారింట్లో భోజనాలయ్యాక ఒక ఫోను చేతులు మారింది. అందులోని సందేశం సారాంశం ఇది: 1999లో ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూ గిరిధర్ గమాంగ్ చట్టవిరుద్ధంగా ఢిల్లీ వెళ్లి ఓటు వేశారు. ఆ ఒక్క ఓటుతో వాజపేయి ప్రభుత్వం కూలింది. లోక్‌సభ స్పీకర్ బాలయోగి తెలుగువాడై ఉండి కూడా ఆపలేదు. దేశం మీద ఎన్నికలు వచ్చిపడ్డాయి. కోరాపుట్ జనం ఆ కుటుంబానికి బుద్ధి చెప్పారు.

మామయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి, “చూశావురా మన ఎంపీ నిర్వాకం!” అన్నారు. గమాంగ్ 1972 నుంచి కాంగ్రెస్ తరఫున కోరాపుట్ ఎంపీగా గెలుస్తూ వచ్చిన మనిషి. ఇక్కడి తెలుగువాళ్లు కూడా ఎన్నోసార్లు ఆయనకే ఓటు వేశారు. అందుకే ఆ నింద మామయ్యకు తన గడపలోనే పడినట్టుంది.

అందులో నిజం లేకపోలేదు. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి పెట్టిన విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. తేడా ఒకటే. పేచీ అంతా మిగతా మాటలతోనే.

చట్టం సంగతి చూద్దాం. గమాంగ్ ముఖ్యమంత్రి అయింది ఆ ఏడాది ఫిబ్రవరి 17న, ఓటింగుకు సరిగ్గా రెండు నెలల ముందు. చట్టసభలో సభ్యత్వం లేకపోయినా ఆరు నెలల వరకు మంత్రిగా కొనసాగవచ్చని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతోంది. ముఖ్యమంత్రికీ అదే వర్తిస్తుంది. 101వ అధికరణం కాదన్నది పార్లమెంటులోనూ రాష్ట్ర శాసనసభలోనూ ఒకేసారి సభ్యుడిగా ఉండటాన్ని. ఆయన అప్పటికి శాసనసభకు ఎన్నిక కానేలేదు. లక్ష్మీపూర్ ఉప ఎన్నికలో గెలిచింది ఆ తర్వాత. కాబట్టి ఏప్రిల్ 17న ఆయన కోరాపుట్ ఎంపీ, ఓటు హక్కు ఉన్న ఎంపీ. ఒక రాష్ట్రాన్ని ఏలుతున్న మనిషి ఢిల్లీ వచ్చి కేంద్ర ప్రభుత్వం తలరాత తేల్చడం బాగుందా అని అడిగితే, నాకూ బాగనిపించలేదు. పద్ధతి కాదనండి, ఒప్పుకుంటాను. నేరమంటేనే ఒప్పుకోను.

ఇక “ఒక్క ఓటు”. ఆ 270లో గమాంగ్ ఓటు మీద మాత్రమే పేరు ఎందుకు రాసి ఉంది? జమ్మూ కాశ్మీర్ పార్టీ నేషనల్ కాన్ఫరెన్స్ ప్రభుత్వం వైపు ఉంటే, ఆ పార్టీ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆయన పార్టీ మాట విని ఉంటే లెక్క తిరగబడి 270, 269 అయ్యేది. గమాంగ్ అసలు ఓటే వేయకపోయినా సభ్యుల ఓట్లు 269, 269 దగ్గర ఆగి, తేల్చే పని స్పీకర్ ఓటుకు మిగిలేది తప్ప ప్రభుత్వానికి నేరుగా ఆధిక్యం వచ్చేది కాదు. ఓటింగుకు దూరంగా ఉంటారని ప్రభుత్వం నమ్ముకున్న బీఎస్పీ సభ్యులు ఐదుగురూ చివరికి వ్యతిరేకంగా వేశారు. ఇంతకీ ఆ తీర్మానం పెట్టాల్సిన అవసరమే 18 మంది ఎంపీలున్న అన్నాడీఎంకే ఏప్రిల్ 14న మద్దతు ఉపసంహరించుకోవడంతో వచ్చింది. పద్దెనిమిది దూలాలు లాగేసిన ఇంట్లో చివరి పెంకు ఎవరు తీశారని పాతికేళ్లుగా వెతుకుతున్నాం. సవర గిరిజనుల ఇంట పుట్టిన మనిషి కాబట్టి వేలు చూపడం తేలికైందేమోనని నా అనుమానం.

బాలయోగి గారి విషయానికి వస్తే, ఎన్నికైన సభ్యుడిని ఓటు వేయవద్దని ఆపడానికి ఆయనకు ఆధారం లేదు. నిర్ణయాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. ఓట్లు సమానమైతేనే స్పీకర్ ఓటు వేయాలని 100వ అధికరణం చెబుతోంది. ఆ అవసరం రాలేదు. ఆయన తెలుగుదేశం నుంచి వచ్చినవారు, ఆ పార్టీ ఆ రోజు ప్రభుత్వం వైపే ఓటు వేసింది. పార్టీ చూసి, భాష చూసి తీర్పు చెప్పలేదన్నదే ఆయన మీద ఫిర్యాదైతే, అది ఫిర్యాదు కాదు, ప్రశంస. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన మనిషి, బదులు చెప్పుకోలేరు కదా.

ప్రభుత్వం పడిపోతే ఎన్నికలు తప్పవనడం కూడా సరికాదు. 1990లో వి.పి. సింగ్ ఓడితే చంద్రశేఖర్ వచ్చారు. 1997 ఏప్రిల్‌లో దేవెగౌడ దిగిపోతే గుజ్రాల్ వచ్చారు. 1999లోనూ తనకు 272 మంది మద్దతు ఉందని సోనియా గాంధీ ప్రకటించారు. ములాయం సింగ్ యాదవ్ కలిసిరాలేదు, ఆ లెక్క తప్పింది. లోక్‌సభ రద్దయింది ఆ తర్వాతే, ఏప్రిల్ 26న. ఎన్నికల ఖర్చు గమాంగ్ ఖాతాలో రాసేవాళ్లు ఈ తొమ్మిది రోజులను ఎక్కడ దాచారో!

అన్నట్టు, ఏ బీజేపీ ప్రభుత్వాన్ని కూల్చారంటున్నారో గమాంగ్ 2015లో ఆ పార్టీలోనే చేరారు. 2023లో హైదరాబాద్ వెళ్లి భారత రాష్ట్ర సమితి కండువా కప్పుకున్నారు, 2024లో మళ్లీ కాంగ్రెస్. ఆయన్ని విమర్శించాలనుకునేవారికి అసలు సరుకు అక్కడ ఉంది.

ఇక చివరిది, బుద్ధి చెప్పిన కోరాపుట్. ఆ ఎన్నికల్లో ఒడిశాలోని 21 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి రెండే. వాటిలో ఒకటి కోరాపుట్, గెలిచింది గమాంగ్ గారి భార్య హేమ.

ఇదంతా చెప్పాక మామయ్య కాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు కిందికి దించుకుని, “హేమ గారికి నేనూ వేశానురా, మరిచేపోయాను” అన్నారు.