సర్వేల జవాబు చెప్పిన ఆ నూరుమందికి

శ్రీయుతులైన నూరుమందికి,

నల్లగొండ నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమంత క్షేమం. మీరెక్కడుంటరో, ఎట్లుంటరో ఎవలకు ఎరుకలేదు కాబట్టి మీ క్షేమం అడుగుడు కుదురుతలేదు. దసరానాడు మా మేనల్లుడు ‘నూరుమందిని అడిగినం’, ‘నూరుమందిని అడిగినం’ అని రాత్రంత ఒకటే పాట. ఆ నూరుమంది మీరే గద? మీతోని మాట్లాడేది ఉన్నది.

మీ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసుకున్న. 1976 జూలైల అమెరికాల ఏబీసీ టీవీల ‘ఫ్యామిలీ ఫ్యూడ్’ మొదలైననాడు మీరు లోకానికి పరిచయమైండ్రు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, నడుమ ప్రశ్నలడిగే ఆయన. సరైన జవాబు ఏందన్నది ఆ ఆటల లెక్కే లేదు. మీరు నూరుమంది ముందుగాల్నే ఏం చెప్పిపెట్టిండ్రో అది పట్టుకోవాలె. ఎంతమంది చెప్పిండ్రో అన్ని మార్కులు. మూడుసార్లు తప్పితె అవతలోళ్లు ఒక్క జవాబు చెప్పి మొత్తం మార్కులు గుంజుకపోవచ్చు. 1980ల బ్రిటనోళ్లు పేరు మార్చి ఆటను వాళ్ల దేశానికి పట్టుకపోయిండ్రు. 2010 నుంచి అమెరికాల స్టీవ్ హార్వీ నడుపుతున్నడు. ఎవలన్న అడ్డదిడ్డం జవాబు చెప్పంగనే ఆయన పెట్టే మొఖం చూడనీకి మా ఇంట్ల పిల్లలు అర్ధరాత్రిదాక ఫోన్లు పట్టుకొని కూసుంటరు. రెండు కుటుంబాల నడుమ పోటీ పెట్టనీకి వాళ్లకు ఇంత ఏర్పాటు కావాల్సొచ్చింది. మాకైతె పెండ్లిల బంతి మీద కూర తక్కువైతె చాలు.

మేనల్లుడు గచ్చిబౌలిల సాఫ్ట్‌వేర్ పని చేస్తడు. పండుగకొచ్చి లాప్‌టాప్‌ను టీవీకి తగిలించిండు. ఇటు వాని అమ్మమ్మగారింటోళ్లం మేము, అటు పాలమూరు నుంచొచ్చిన వాని నాయినమ్మగారింటోళ్లు. బజరు లేదు కాబట్టి స్టీలు తాంబాలం బోర్లేసి, పక్కన పప్పుగుత్తి పెట్టిండు. ప్రశ్న వినంగనే ముందుగాల ఎవలు కొడితె జవాబు వాళ్లది. మా నాయిన, ఆయన వియ్యంకుడు ఎదురెదురు నిలబడ్డరు.

“కొట్టుండ్రి బావా.”

“అయ్యో, మీరు పెద్దోళ్లు, మీరు కొట్టుండ్రి.”

“ఇంటికొచ్చినోళ్లు మీరు. మేమెట్ల కొడ్తం?”

పప్పుగుత్తి ఇటు జరిగింది, అటు జరిగింది. అమెరికాల ఈ పనికి ఒక్క సెకండు గూడ పట్టదంట. మా ఇంట్ల మర్యాదలు ఒడువకముందే అమ్మ వంటింట్లకెల్లి వచ్చి పప్పు మెదపాల్నని గుత్తి తీస్కపోయింది. అప్పటి నుంచి చేత్తోనే కొట్టుడు.

ఇగ మీ సంగతికొస్త. “పొద్దున లేవంగనే మొదాలు చేసే పని?” అని ప్రశ్న. అమ్మకు ఇంతకన్న సులువైంది ఉంటదా? తాంబాలం మీద చెయ్యి చరిచింది. “వాకిలి ఊడ్చి, సాంపి జల్లి, ముగ్గేస్త.” టీవీ నిండ ఎర్రటి ఇంటూ గుర్తు పడ్డది, గాడిద ఓండ్రవెట్టినట్టు చప్పుడొచ్చింది.

“గదేందిర? నేను చేసే పని నేను చెప్తె తప్పంటది?”

“నువ్వు చేసేది కాదమ్మమ్మా, ఆ నూరుమంది చేసేది చెప్పాలె.”

“వాళ్లు వాకిలి ఊడ్వరా?”

“వాళ్లకు వాకిలి ఉండదమ్మమ్మా. పదమూడో అంతస్తుల ఉంటరు.”

బోర్డు మీద మొదటి జవాబు ఫోను చూసుడు. రెండోది అలారం బందుపెట్టి మల్ల పండుడు. లేవంగనే చేసే పని మల్ల పండుకునుడు ఎట్లైతదో అమ్మకు ఇప్పటికీ సమజైతలేదు.

గప్పుడు ఆరా తీస్తె మీ జాడ దొరికింది. వాని ఆఫీసు వాట్సాప్ గ్రూపులల్ల గూగుల్ ఫారం తిప్పిండు, మీరు చాయ్ తాక్కుంట నింపిండ్రు. ఒక్కొక్కరు ఒక్కొక్కతీరు రాస్తె, అన్నీ ముంగట పెట్టుకొని వాడే కలిపిండు. జొన్నరొట్టె, సజ్జరొట్టె, పుల్కా అన్నీ కలిపి ‘రొట్టె’ అని ఒక్క గడిల పెట్టిండు. ఈ కలుపుడే అసలు పని అంట. ఆట నడిపెటోళ్లకు తిట్లు పడేది గూడ ఇక్కడ్నే. ఇంకో కట్టడి ఉన్నది. అసలు ఆటల ఒక జవాబు బోర్డు ఎక్కాల్నంటె తక్కువల తక్కువ ఇద్దరన్న చెప్పి ఉండాలె. ఒక్కరే చెప్పింది లెక్కలకు రాదు. మీ నూరుమందిల ఎవలో ఒక్కరు ‘వాకిలి ఊడుస్త’ అని రాసే ఉంటరని అమ్మ నమ్మకం. ఆ ఒక్కరికి ప్రత్యేకంగ నమస్కారం చెప్పమన్నది.

నాయిన సోషల్ సారుగ చేసి రిటైరైండు. “నల్లగొండ అనంగనే గుర్తొచ్చేది?” అన్న ప్రశ్న రాంగనే, ఇది నాకు ఇడువుండ్రి అని అందర్ని పక్కకు జరిపిండు. “పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం.” ఇంటూ. మార్కులు పోతె పోయినయ్, పాఠం ఆగుతదా? గర్భగుడిల స్తంభం నీడ పొద్దంత జరుగకుంట ఒక్కతీరుగ ఎట్ల నిలబడతదో, కందూరు చోడుల కాలంల కట్టినోళ్లు వెలుతురును ఎట్ల లెక్కగట్టిండ్రో చెయ్యి అడ్డంపెట్టి, గోడ మీద నీడ చూపిచ్చి మరీ చెప్పిండు. మా వంతు మల్ల తిరిగొచ్చినంక “తెలంగాణ సాయుధ పోరాటం, 1946 నుంచి 51 దాక” అన్నడు. రెండో ఇంటూ. చిన్నాయిన “బత్తాయి” అన్నడు, మూడోది గూడ పడ్డది. వియ్యంకుడు మెల్లెగ “నాగార్జునసాగర్” అని మొత్తం గుంజుకపోయిండు.

అయ్యా, ఆ బోర్డు మీద మీరు ఎక్కిచ్చినవి ఒక్కసారి మల్ల చదువుకోండ్రి. మొదటిది ఫ్లోరైడ్. మిషన్ భగీరథల కృష్ణా నీళ్లు ఇండ్లకొచ్చినంక గూడ మీ లెక్కల మేము ఇంక బోరింగు కాడ్నే నిలబడ్డం. ఇంకోటి నార్కట్‌పల్లి కాడ టిఫిను. అంటె విజయవాడ పోయెటప్పుడు కారు ఆపి ఇడ్లీ తిన్న జాగనే మీకు మా జిల్లా. కింద యాదగిరిగుట్ట. అది చూడంగనే నాయిన కుర్చీలకెల్లి లేసిండు. “గుట్ట మన జిల్లాల యాడున్నదిర? 2016 అక్టోబర్ 11, దసరానాడే విడదీసి యాదాద్రి భువనగిరి జిల్లా చేసిండ్రు గద!” తప్పు జవాబుకు మార్కులు, ఒప్పు జవాబుకు గాడిద చప్పుడు. ముప్పై ఏండ్లు పేపర్లు దిద్దినాయనకు గిది ఎట్ల మింగుడుపడతది చెప్పుండ్రి.

అటెన్క పాలమూరు మీద ప్రశ్న వస్తె వియ్యంకుడు కురుమూర్తి జాతర అన్నడు. బోర్డు మీద లేదు. నాయిన పిల్లలమర్రి అని చెప్పి పగ తీర్చుకున్నడు. అన్నం తినేదాక ఇద్దరి నడుమ మాటల్లేవు.

సర్వే అంటె మాకు కొత్త అనుకునేరు. 2014 ఆగస్టు 19న ఒక్కనాడే రాష్ట్రమంత సమగ్ర కుటుంబ సర్వే చేసిండ్రు. లెక్కల పేరు పోతదేమోనని యాడాడ్నో బతకవోయినోళ్లు బస్సులు కిక్కిరిసి ఊర్లకొచ్చి ఇంటికాడ కూసున్నరు. 2024 నవంబరుల మల్ల కులగణన అని 75 ప్రశ్నల కాయితం పట్టుకొని సార్లొచ్చిండ్రు, తలుపులకు స్టిక్కర్లు అతికిచ్చిండ్రు. నడుమ 2022ల మునుగోడు ఉప ఎన్నిక. ఎటుచూసినా సర్వే పిలగాండ్లే. ఎవడు ఏ పార్టీ తరుఫున వచ్చిండో చెప్పులు ఇడిచే లోపట కనిపెట్టి, వానికి ఇష్టమైన జవాబు చెప్పి, మంచినీళ్లిచ్చి పంపిండ్రు మావోళ్లు. తీర ఓటేసే దినం వచ్చేసరికి నూటికి 93 మందికి పైనే పోయి వేసిండ్రు. నిజం చెప్తె రేషన్ కార్డు పోతదేమో, చెప్పకపోతె పింఛన్ రాదేమో, ఈ రెండిటి నడుమ జవాబు చెప్పుడు మాకు ఉగ్గుపాలతోని వచ్చిన విద్య. మీకేం భయమున్నదని ఫారంల నిజం రాసిండ్రో నాకైతె అర్థం కాలే.

ఆ విద్యే చివరికి అక్కరకొచ్చింది. రెండు మూడు ప్రశ్నలైనంక అమ్మ మిమ్ముల్ని చదివేసింది. “బోర్ కొడితె ఏం చేస్తరు?” ఫోను చూస్తరు. మొదటి జవాబు. “దావత్‌కు పోయినంక మొదాలు చేసే పని?” ఫోటో దిగి ఫోన్ల పెడ్తరు. అదీ మొదటి జవాబే. “ఏది పోతె గుండె ఆగినంత పనైతది?” ఫోను! అమ్మ చేతిల ఇంతవరకు సొంత ఫోను లేదు. ఆమెను ఎవలు ఏం అడిగినా ఒక్కటే మాట, మార్కులే మార్కులు. వాకిలి ఊసు మల్ల ఎత్తలే.

గంతల వాడు తేవద్దన్న ప్రశ్న తెచ్చిండు. “మొగుడు పెండ్లానికి చెప్పే అబద్ధం?” అప్పటిదాక మర్యాదకు మారుపేరుగ కూసున్న చిన్నాయిన తాంబాలం సొట్టవడేటట్టు కొట్టిండు. “ఎంత తాగిన్నో చెప్పుడు!” ధన్ ధన్ మని గంటలు మోగినయ్. మీల సగం మంది అదే రాసిండ్రట. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు, వియ్యంకుడు గూడ నవ్విండు. చిన్నమ్మ మాత్రం మెల్లెగ అన్నది, “నూరుమందిని ఎందుకడిగినవ్‌ర? ఈయన్నొక్కన్ని అడిగితె అయిపోవు.”

ఆఖరు ఆటల ఇద్దరు ఆడాలె. మొదటోళ్లకు 20 సెకండ్లు, రెండోవాళ్లకు 25, అయిదేసి ప్రశ్నలు, ఇద్దరిది కలిపి 200 మార్కులు రావాలె. మొదటోళ్ల జవాబులు రెండోవాళ్ల చెవుల పడొద్దు. టీవీల అయితె చెవులకు హెడ్‌ఫోన్లు పెడ్తరు. మేము చిన్నమ్మను దొడ్లకు పంపినం. చిన్నాయిన తన వంతు ముగించిండు. 25 సెకండ్లు పెట్టి చిన్నమ్మను పిలిస్తె పలుకలే. పక్కింటామెతోని గోడకాడ నిలబడి ముచ్చట చెప్తున్నది. ఆట అక్కడ్నే ఒడిసింది.

సంక్రాంతికి జూమ్‌ల ఆడుదామంటున్నడు మేనల్లుడు, డల్లాస్‌ల ఉన్న వాని చెల్లెను గూడ కలుపుకొని. మాకు పొద్దు పొడిచెటప్పుడు వాళ్లకు పొద్దు గూకుతది. తాంబాలం బదులు చాట్‌ల ముందు రాసినోళ్లదే జవాబంట. మా ఇంటి నెట్టు సంగతి తెలిసి గూడ అంటున్నడు. మొగుడు పెండ్లాల ప్రశ్నలు ఉంటె ఆడనని చిన్నాయిన ఇప్పుడే చెప్పిండు.

మీకు నా ఇన్నపం ఒక్కటే. నూరు జాగలల్ల ఒక యాభై ఖాళీ చెయ్యుండ్రి. గడియారం సెంటర్ల బత్తాయి బండ్లోళ్లు, నాయిన కాడ చదువుకున్నోళ్లు, పాలమూరు నుంచి వియ్యంకుడు పంపెటోళ్లు ఆ జాగలల్ల కూసుంటరు. అమ్మయితె ఆగలేక మహిళా సంఘం మీటింగుల చేతులెత్తిచ్చి ఇప్పుడే అడిగొచ్చింది, పొద్దున లేవంగనే మొదాలు ఏం చేస్తరని. అందరు ఫోనే అన్నరట. వచ్చే మీటింగుల ఫోన్లన్నీ బయట పెట్టిచ్చి మల్ల అడుగుతదట.

ఇట్లు,
మూడు ఇంటూలు పడ్డ ఇంటినుంచి ఒకరు