ఈథర్నెట్ పచ్చలైటు గారికి, రొయ్యల చెరువు గట్టు నుంచి

మహారాజశ్రీ పచ్చలైటు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. మీ కుశలం మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాను, నిగనిగలాడుతున్నారు. నా సంగతే బాగాలేదు.

ఇందుకూరుపేట మండలంలో, మైపాడు దారిలో, రొయ్యల చెరువు పక్కన మోటారు షెడ్డు. అందులో అరచేయంత కంప్యూటర్ బోర్డు. దాని లాన్ సాకెట్టు మీద, అంటే నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోట, మీ కాపురం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్ చెబితే, బోర్డు ఆ అంకెను గట్టు చివరి గదికి పంపాలి. పగలు నీళ్లలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనూ వాడుకుంటుంది. అందుకని తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. ఆ వేళకి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే పంటంతా తేలిపోతుంది. తమరి కొలువు అలాంటిది.

రెండేళ్లు బాగానే నడిచింది. మొన్న బోర్డులో కొత్త కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, వేశాను. అంకెలు ఆగిపోయాయి, తమరు మాత్రం ఆరలేదు. మీరు వెలిగితే అవతలితో లింక్ ఉన్నట్టే. లింక్ ఉంది, స్పీడు వెయ్యి ఎంబీపీఎస్ అని బోర్డు రాసుకునే లాగ్‌లో కూడా పడింది.

మిమ్మల్ని నమ్మి కేబుల్ మార్చాను. రెండు చివర్లా కొత్త కనెక్టర్లు నొక్కాను. ఎనభై మీటర్లే, వంద దాకా పరవాలేదని టేపు పెట్టి మరీ కొలిచాను. ఐపీ అడ్రస్ చేత్తో ఇచ్చాను. ఉన్నావా అని అవతలి యంత్రానికి పింగ్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. లెక్కలు తీస్తే, పంపిన ప్యాకెట్లు పెరుగుతున్నాయి, వచ్చినవి సున్నా, సీఆర్సీ తప్పులు, అంటే దారిలో చెడిపోయిన ప్యాకెట్లు, మాత్రం వేలల్లో. అంత జరుగుతున్నా మీరు చల్లగా వెలుగుతూనే ఉన్నారు, కుర్చీకి తుండుగుడ్డ తగిలించి టీకి పోయిన గుమాస్తాలాగా.

రెండో రోజు చెరువు యజమాని వచ్చి నా వెనకాల నిలబడ్డాడు.

"ఏందబ్బయ్యా, ఇంకా రాలేదా?"

"వెయ్యి స్పీడులో లింక్ వచ్చింది మామా, డేటానే రావడం లేదు."

"ఒక అంకె పంపేదానికి వెయ్యి ఎందుకబ్బయ్యా? నిదానంగా పంపితే పోదా?"

ఆయనకి ఏం తెలుసులే అనుకుంటూనే స్పీడు వందకి తగ్గించాను. పింగ్ పలికింది! బీటెక్ పట్టా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు అర్థమైంది, తప్పు మీ కేబుల్లో లేదు. మీరు చెప్పేది కేబుల్ మీది సిగ్నల్ చూసుకునే ఫై అనే చిప్పుకీ అవతలి నెట్‌వర్క్ స్విచ్చికీ మధ్య సంగతి. ఫై నుంచి, ప్రాసెసర్లో ప్యాకెట్లు పంపి పుచ్చుకునే మ్యాక్ అనే భాగం దాకా ఉన్న రెండంగుళాల దారి మీ పరిధిలోకి రాదు. ఉత్తరం వీధి గుమ్మం దాకా వచ్చింది, వంటింట్లోకి పోయేసరికి చినిగిపోతోంది. ఆ దారిలో గడియారం సిగ్నల్ డేటా కంటే రెండు నానోసెకన్లు ఆగి రావాలి. వంద స్పీడులో ఒక్కో గడియారపు దెబ్బకి 40 నానోసెకన్లు, ఎలాగోలా సర్దుకుంటుంది. వెయ్యిలో ఉండేది 8, అందులోనూ డేటా నాలుగు నానోసెకన్లకొకసారి మారుతుంది.

మరి ఆ ఆలస్యం ఎవరు పెట్టాలి? మ్యాక్ పెట్టొచ్చు, ఫై పెట్టొచ్చు, బోర్డు గీసినవాళ్లు తీగను పొడుగ్గా తిప్పి అయినా పెట్టొచ్చు. కాలవ పూడిక తీయాల్సింది పంచాయతీనా, ఇరిగేషన్ వాళ్లా, రైతులా అంటే ఏం జరుగుతుందో మన జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడా అదే.

బోర్డులో ఏముందో కెర్నల్‌కి చెప్పే జాబితా డివైస్ ట్రీ. అందులో మా బోర్డుకి 'ఆర్‌జీఎంఐఐ' అని, ఆ రెండంగుళాల దారి పేరు, రాసి ఉంది. అంటే ఆలస్యం తీగల్లోనే ఉంది, ఫై ఏమీ చేయనక్కర్లేదని. తీగల్లో లేదు. అది అబద్ధం. అయినా రెండేళ్లు నడిచింది, ఎందుకంటే ఫైని నడిపే పాత డ్రైవర్ ప్రోగ్రాము ఆ మాటను పట్టించుకునేదే కాదు, ఫై తన అలవాటు కొద్దీ ఆలస్యం పెట్టేసేది. కొత్త డ్రైవర్ నిక్కచ్చి మనిషి. రాసింది చదివాడు, రాసినట్టే ఆలస్యం తీసేశాడు. ఎవరూ మాట వినని ఆఫీసులో పని సాగింది, వినేవాడొచ్చాక ఆగిపోయింది. నేను ఆ మాట చివర ఒక అడ్డగీత, 'ఐడీ' అని రెండక్షరాలు తగిలించాను, అంటే ఆలస్యం ఫైనే పెట్టాలని. మూడు రోజుల కూలి దానికే.

ఇప్పుడు వెయ్యిలోనే అంకెలు వస్తున్నాయి. మీలో మాత్రం ఏ మార్పూ లేదు, నిన్న ఎంత పచ్చగా ఉన్నారో ఇవాళా అంతే.

ఇది రాస్తుంటే టైము నాలుగయింది. అంకె బాగానే ఉంది తాతా, పడుకో అని కాపలా తాతకి చెప్పాను. ఆయన మిమ్మల్నొకసారి, నన్నొకసారి చూసి, టార్చి తీసుకుని రొయ్యలు ఒడ్డుకొచ్చాయేమోనని గట్టు మీదకి పోయాడు.

ఇట్లు,
షెడ్డులో మీ ఎదుటే కూర్చున్నవాడు