చేతులు కట్టుకుని నేర్చుకునే హ్యాండ్స్ ఆన్ చదువు

విజయవాడ మార్కెట్‌లోకి మామిడికాయ రాకముందే కూడళ్ళలోకి అడ్మిషన్ల ఫ్లెక్సీలు వచ్చేస్తాయి. ఈసారి వాటిలో ఒకటి నా మనశ్శాంతిని పూర్తిగా తీసేసింది. "ఆరు నుంచి ఎనిమిది తరగతుల బాలురకు మాత్రమే. చిన్న క్యాంపస్. హ్యాండ్స్ ఆన్ లెర్నింగ్. ఐఐటీ ఫౌండేషన్." పక్కనే తెల్లకోటు తొడుక్కున్న ఓ పిల్లాడు. చేతిలోని టెస్ట్‌ట్యూబులో నీలం నీళ్ళు. కళ్ళకు ఉండాల్సిన సేఫ్టీ అద్దాలు నుదుటి మీదున్నాయి. కళ్ళకు పెడితే మొహం కనపడదు కదా, ఫొటోగ్రాఫర్ తప్పేమీ లేదు.

చిన్న క్యాంపస్ అన్న మాటలో అబద్ధం లేదని ముందే ఒప్పుకోవాలి. కింద టైర్ల షాపు, పైన మూడంతస్తులు, ఆ పైన రేకుల షెడ్డు. ఆ షెడ్డే ప్రేయర్ హాలు, అదే డైనింగ్ హాలు, పళ్ళేలు తీసేశాక అదే గ్రౌండు. పిల్లలు మాత్రం తక్కువ మందేమీ లేరు. తక్కువైతే అద్దె ఎవరు కడతారు? చిన్నతనమంతా బిల్డింగుకే ఇచ్చేసి, పిల్లల్ని ఆరో తరగతిలోనే పెద్దవాళ్ళని చేసేశారు.

ఇక హ్యాండ్స్ ఆన్, అంటే చేతులతో చేసి నేర్చుకోవడం. ఇది యాజమాన్యం కలగన్న సంగతి కాదు, ప్రభుత్వమే చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడో ఒకప్పుడు పది రోజులు పిల్లలు బ్యాగు లేకుండా రావాలనీ, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలనీ 2020 జాతీయ విద్యా విధానంలో రాసి ఉంది. చేతిపని మధ్యలో పెట్టి దాని చుట్టూ చదువు చెప్పాలని 1937లోనే వార్ధాలో గాంధీగారు సభ పెట్టి మరీ మొత్తుకున్నారు. మనవాళ్ళు విధేయులు. బ్యాగు లేని రోజు అమలు చేశారు. ఆ రోజు పుస్తకాలు కవర్లో పెట్టుకుని రమ్మన్నారు.

అరగంట బస్సెక్కితే కొండపల్లి. అక్కడ తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండితో అతుకులు అతికి, రంగులద్ది బొమ్మలు చేస్తారు. ఏడో తరగతి కుర్రాణ్ణి ఒక్క పూట అక్కడ కూర్చోబెడితే కొలత అంటే ఏమిటో, కర్రకు తడి ఉంటే ఏమవుతుందో, తొందరపడితే వేలు ఎలా తెగుతుందో తెలిసొస్తుంది. ఈ మాటే అంటే స్కూల్లో ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు బాధగా తలూపారు. "ఆదివారం వీకెండ్ టెస్ట్ ఉంటుంది కదండీ."

అయినా నేను మొండివాణ్ణి. ఏటా జరిగే సైన్స్ ఎక్స్‌పో చూడ్డానికి వెళ్ళాను.

షెడ్డులో బల్లలు వరసగా వేశారు. ప్రతి బల్ల వెనకా టై కట్టుకుని, చేతులు కట్టుకుని ఓ పిల్లాడు. ప్రతి బల్ల మీదా ఓ అద్భుతం. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగినప్పటి నుంచీ ఏ ఎక్స్‌పోకి వెళ్ళినా కనీసం రెండు చంద్రయాన్లు ఉంటాయి, ఇక్కడ నాలుగున్నాయి. నాలుగింటికీ ఒకే రకం బంగారు రంగు కాగితం, ఒకే చోట ఒకేలాంటి చిరుగు. ప్రాజెక్టులు చేసి అమ్మే షాపువాడు ఒకే అచ్చులో దించాడన్నమాట. అగ్నిపర్వతాలు మూడు. స్మార్ట్ సిటీ ఒకటి, దానికి మాత్రం నిజం నగరాల్లాగే కరెంటు లేదు.

నేను హైడ్రాలిక్ లిఫ్టు దగ్గర ఆగాను. రెండు సిరంజిలు, మధ్యలో ప్లాస్టిక్ ట్యూబు, పైన అట్టముక్క.

"బాబూ, ఇది నొక్కితే అది లేస్తుందా?"

"గుడ్ మార్నింగ్ సార్. మూసి ఉన్న ద్రవంపై ప్రయోగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా..."

"బాగుంది. ఏదీ, నొక్కు."

వాడు నా వైపు చూశాడు. వెనకున్న మేడమ్ వైపు చూశాడు. "ముట్టుకోకూడదు సార్. చైర్మన్ సార్ వచ్చి నొక్కుతారు."

చైర్మన్ గారు పదకొండింటికి రావాలి, ఒంటిగంటన్నరకి వచ్చారు. అప్పటిదాకా వందకు పైగా చేతులు కట్టే ఉన్నాయి. ఆయన వచ్చారు, శాలువా కప్పించుకున్నారు, కెమెరా ఎక్కడుందో చూసుకున్నారు, ఆ పీడన సూత్రం చెప్పిన పాస్కల్ మీద పాతకక్ష ఏదో ఉన్నట్టు సిరంజిని గట్టిగా నొక్కారు. ట్యూబు ఊడింది. నీలం నీళ్ళు ఆయన ఖద్దరు చొక్కా మీద చిమ్మాయి. వరస మొత్తం ఒక్కసారి పకపకా నవ్వింది. ఆ రోజు షెడ్డులో జరిగిన ఒకే ఒక్క ప్రయోగం అది, ఫలితం కూడా అందరికీ సమానంగా అందింది. మేడమ్ కళ్ళెర్రజేయగానే నవ్వు ఆగిపోయింది. మర్నాడు పేపర్లో "చిట్టి శాస్త్రవేత్తల అద్భుత ప్రతిభ" అని వార్త వచ్చింది. ఫొటోలో సిరంజి మీద చైర్మన్ గారి బొటనవేలు, వెనక చేతులు కట్టుకున్న చిట్టి శాస్త్రవేత్త.

జనం కదిలాక వాడు నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ట్యూబు చివర వేడినీళ్ళలో ముంచి ఎక్కిస్తే ఊడేది కాదు సార్. తోటలో మా తాతయ్య డ్రిప్ పైపులు అలాగే ఎక్కిస్తాడు." నూజివీడు దగ్గర మామిడితోటట. వాడికి తెలుసు. వాణ్ణి ఎవరూ అడగలేదు. పైగా ఆ పైపులకు దూరంగా ఉంచడానికే వాళ్ళ నాన్న ఏటా లక్షలు పోస్తున్నాడు.

బాలురకు మాత్రమే ఎందుకని అడిగితే ఏవో గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "డైవర్ట్ కాకుండా సార్."

మగపిల్లల బడి పెట్టడమే తప్పని నేననను. పల్లెటూరి పేదపిల్లల కోసం 1971లో తెలంగాణలోని సర్వేల్‌లో మొదలైన గురుకులం కూడా మగపిల్లలదే. అక్కడ దాన్ని డైవర్షన్ నివారణ పథకం అని ఎవరూ అమ్ముకోలేదు. ఇక్కడ డైవర్షన్ల జాబితా పెద్దది. బంతి డైవర్షన్. కథల పుస్తకం డైవర్షన్. అక్క పెళ్ళి డైవర్షన్, ఒక రోజు సెలవు, మూడుముళ్ళు పడగానే బస్సెక్కాలి. అమ్మ ఫోను డైవర్షన్, వారానికి పది నిమిషాలు. అన్నిటికన్నా పెద్ద డైవర్షన్, ఏడో తరగతి చదివే ఆడపిల్ల.

పన్నెండేళ్ళ పిల్లాడికి తోటి ఆడపిల్లని ప్రమాదంగా చూపించే హక్కు మీకెవరిచ్చారు? రేపు వాడు ఆమెతో కలిసి పనిచేయాలి, ఆమె కింద పనిచేయాలి. ఇంట్లో ఆమె పక్కన నిలబడి గిన్నెలు తోమాలి. ఏదీ, మీ హ్యాండ్స్ ఆన్‌లో గిన్నె తోమడం ఉందా? తెగిన గుండీ కుట్టుకోవడం ఉందా? తిన్న పళ్ళెం తీయడానికి కూడా ఆయానే పెట్టారు, ఆ టైములో ఇంకో పది బిట్లు చేస్తాడని. మగపిల్లల చేతుల్ని ఇంటి పనికీ తోట పనికీ ఆటకీ పనికిరాకుండా చేసి, ఓఎంఆర్ షీట్లో గుండ్రాలు నింపడానికే ఉంచుకుని, దానికి హ్యాండ్స్ ఆన్ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. ఆ క్యాంపస్‌లో చేతులతో నిజంగా జరిగే బోధన ఒక్కటే: వార్డెన్ చేయి చేసుకోవడం. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "మగపిల్లలు కదండీ, రెండు తగిలిస్తేగానీ దారికి రారు" అంటాడు వార్డెన్. "కొట్టండి సార్, మేమేమీ అనుకోం" అంటాడు తండ్రి. ఆ మాట అనడానికే ఆయన రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. దెబ్బలు తిన్నవాణ్ణి ఏడవొద్దంటారు, మగపిల్లాడు కదా. మీరంతా మనుషులేనా?

సరే, బీపీ మాత్ర వేసుకున్నాను.

పదహారేళ్ళు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదని కోచింగ్ సెంటర్లకు 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అందుకే ఇది కోచింగ్ సెంటర్ కాదు, స్కూలు. బోర్డు మీద స్కూలని రాసుంది, నేనే చదివాను. పదకొండేళ్ళవాడు లోపల ఐఐటీ బిట్లు చేస్తుంటే అది వాడి వ్యక్తిగత ఆసక్తి.

ఇంతకీ ఆ క్యాంపస్‌లో హ్యాండ్స్ ఆన్ చదువు అసలు జరగలేదంటే అన్యాయం. ఒక్కసారి జరిగింది. హాస్టల్ గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ చెడిపోయింది. వారం రోజులుగా చెబుతున్నా ఎవరూ రాలేదు. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు మెయిన్ స్విచ్ కట్టేసి, జామెట్రీ బాక్సులోని కాంపస్ మొనతో మరలు విప్పి, ఊడిన వైరును మళ్ళీ బిగించాడు. ఫ్యాన్ తిరిగింది, గదిలో పిల్లలంతా నిద్రపోయారు. పొద్దున్నే వార్డెన్ విచారణ చేపట్టాడు. తల్లిదండ్రుల్ని పిలిపించారు. సంస్థ ఆస్తిని ముట్టుకున్నందుకు రెండు వేలు జరిమానా.

తండ్రి రసీదు అడిగాడు. జరిమానా అని రాయడానికి పుస్తకంలో పద్దు లేదట. అకౌంట్స్ మేడమ్ కాసేపు ఆలోచించి యాక్టివిటీ ఫీజు కింద రాసిచ్చింది.