పుకట్ చార్జరు దొరవారి సముఖానికి

మహారాజశ్రీ పుకట్ చార్జరు దొరవారికి,

బాంచెన్ దొరా. చార్జింగు సెల్లుల పెట్టెలో పుకట్‌గ వచ్చిన చార్జరు గద తమరు. ఉత్తరం అన్నంక ఉభయకుశలోపరి అని మొదలుపెట్టుడు రివాజు. కానీ ఇక్కడ కుశలంగ ఉన్నది తమరొక్కరే. తమ గడిలో పనిచేసిన నాలుగు పెన్సిల్ సెల్లులు టీవీ కింది అరలో మూలకు పడ్డయి. చార్జింగు పెడితే గంటకే కాలుతయి. బీపీ మిషన్‌లో వేస్తే చేతిపట్టీ సగం ఉబ్బకముందే స్క్రీన్ ఆరిపోతది. తమ పచ్చలైటు మాత్రం వచ్చిన నాడు ఎట్ల వెలిగిందో ఇయ్యాల గూడ అట్లనే వెలుగుతున్నది.

ముందు ఆ లైటు సంగతే తేల్చుకుందాం. అది సెల్లు నిండిందని చెప్పే లైటు కాదు. ప్లగ్గులో కరెంటు ఉన్నది, గుంటలో సెల్లు కూసున్నది, అంతే దాని కబురు. ఖాళీ సెల్లు పెట్టినా పచ్చనే, నిండిన సెల్లు పెట్టినా పచ్చనే, మూడు దినాలు మర్చిపోయినా పచ్చనే. గడిలో దీపం వెలుగుతున్నదంటే ఊరంతా సల్లగ ఉన్నదని కాదు గద.

తమ వీపు మీద సన్నటి అక్షరాలతో ఒక లెక్క అచ్చేసి ఉంటది. 2.4 వోల్టులు, 150 మిల్లీ ఆంపియర్లు. అద్దాలు పెట్టుకొని గూడ ఎవ్వరూ చదవరు కాబట్టి ఇక్కడ చదువుదాం. ఒక పెన్సిల్ సెల్లు, అదే పెద్దసెల్లు, 2000 ఎంఏహెచ్‌ది అనుకుందాం. ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్లు, సెల్లులో ఎంత చార్జి పడుతదో చెప్పే లెక్క. 2000ని 150తో భాగిస్తే 13 గంటల 20 నిమిషాలు. ఎక్కించినదంతా సెల్లులో నిలవదు, కొంత వేడి రూపంలో పోతది, అందుకని ఇంకో నాలుగు గంటలు కలపాలె. పొద్దున ఆరింటికి పెడితే రాత్రి పదకొండు దాంక అన్నట్టు. అదే గుంటల్లో రిమోట్‌కు వేసే సన్నసెల్లు, ట్రిపుల్ ఏ 800ది, పెడితే ఏడు గంటల్లోనే నిండుతది. రాత్రి అన్నం తిని పెట్టి పొద్దున చాయ తాగినంక తీసే అలవాటు మాది. దాంతోటి పెద్దసెల్లు అర్ధాకలితో లేస్తది, సన్నసెల్లుకు కడుపు పగిలేదాంక తినిపిచ్చినట్టయితది. తమరికి రెండూ ఒక్కటే. ఆపాలె అన్న ఆలోచన తమ వంశంలోనే లేదు.

నిండినంక గూడ ఎక్కే కరెంటు ఎటు పోతదో తమరెన్నడన్న అడిగిండ్రా? మన చార్జింగు పెన్సిల్ సెల్లులు నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం, వాటిలో అది ఆక్సిజన్ పుట్టిస్తది. ఆ ఆక్సిజన్ మళ్ల లోపల్నే కలిసిపోతూ వేడి చేస్తది. సన్నధారగ వస్తే సెల్లు ఓర్చుకుంటది. మోతాదు మించితే పాజిటివ్ గుండీ కింద ఉన్న చిన్న వాల్వు తెరుచుకొని గాలి బయటికి తన్నుకొస్తది, దాని వెంట లోపలి తడి గూడ పోతది. తడి ఆరిన సెల్లులో నిరోధం, అంటే కరెంటుకు అడ్డు, పెరుగుతది. ఇగ దానికి మీటరు పెడితే ఉట్టి 1.3 వోల్టులు చూపిస్తది, చూసినోళ్లు మంచిగనే ఉన్నదంటరు. పిల్లల కారులో వేస్తే మాత్రం చక్రం అరచుట్టు తిరిగి నిలబడుతది. కొత్త సెల్లులు ఆర్నెల్లకే పోయినయని సెల్లు కంపెనీని తిట్టేటోళ్లలో ఎక్కువమంది తిట్టాల్సింది తమరిని.

దానికి తోడు మా ఎండలు. మే నెలలో నల్లగొండ 44 డిగ్రీలు దాటుడు వింతేం గాదు. రేకుల ఇంట్లో, సెట్‌టాప్ బాక్సు నెత్తిమీద తమరికి గద్దె వేస్తరు. అది అడుగునుంచి కాలుస్తది, రేకు పైనుంచి కాలుస్తది. సెల్లు ఒంటివేడి 45 డిగ్రీలకు పోయిందంటే చార్జి సరిగ్గ పట్టదు, పట్టకుండ మిగిలిందంతా మళ్ల వేడే. ఎండకాలంలో చార్జింగు పెట్టాల్సింది తెల్లారుజామున, షాబాద్ బండ మీద, గాలి ఆడే జాగలో. సెల్లు గోరువెచ్చగ తగిలితే ఫికర్ లేదు. వేలు నిలవకపోతే తీసెయ్యాలె.

ఇగ తమ గడి చట్టాల్లో అన్నిటికన్న అన్యాయమైంది జోడీ పద్ధతి. ఒక్క సెల్లు పెడితే తమరు పలుకరు, రెండు కావాలె. ఎందుకంటే రెంటినీ ఒక్క తాడుకు కట్టి ఒక్కటే కరెంటు తోలుతరు, ఆ 2.4 వోల్టుల మతలబు అదే. ఒకటి సగం నిండి ఉన్నది, రెండోది పూర్తి ఖాళీ అనుకుందాం. సగం నిండింది ముందే నిండి, రెండోది నిండేదాంక కాలుతూ కూసుంటది. గోడ గడియారంలోంచి ఒకటి, టార్చిలోంచి ఒకటి తీసి జతచేసే ఇండ్లలో ఇది రోజూ జరిగే ముచ్చటే. కాబట్టి తమ తర్వాత వచ్చేటోడిని ఎంచుకునేటప్పుడు మొట్టమొదట చూసేది ఇదే: నాలుగు గుంటలకు నాలుగు వేర్వేరు లైట్లు ఉన్నయా, ఒక్క సెల్లు పెడితే ఒక్కదానికి చార్జి ఎక్కుతదా?

రెండోది, ఆపే తెలివి. నికెల్ సెల్లు నిండంగనే దాని వోల్టేజి కొసకు ఎక్కి, అక్కడినుంచి 5 నుంచి 10 మిల్లీవోల్టులు కిందికి జారుతది. తెలివున్న చార్జరు ఆ జారుడును పసిగట్టి ఆపేస్తది. కరెంటు మరీ సన్నగ ఉంటే ఆ జారుడు కనబడదు, చార్జరు చూస్తూనే ఉంటది, సెల్లు ఉడుకుతూనే ఉంటది. మెల్లగ ఎక్కిస్తేనే సెల్లుకు మంచిదని చెప్పేటోళ్లది అందుకే సగం నిజం. 2000 సెల్లుకు 500 నుంచి 1000 మిల్లీ ఆంపియర్లు, సన్న 800 సెల్లుకు 300 నుంచి 500 దాంక సరిపోతది. 500తో పెద్దసెల్లు ఐదు గంటల్లోపు నిండుతది. టైమరు ఉన్న చార్జర్లు గూడ అమ్ముతరు, తమకంటే నయమే. అయితే చానా వాటికి నడుమల కరెంటు పోయి వస్తే లెక్క మళ్ల ఒకటి నుంచి మొదలయితది. ఐదో గంటల కరెంటు పోయి వచ్చిందంటే ఆ సెల్లుకు రెండు భోజనాలు. మా ఊర్లల్ల గాలివాన కాలంలో అవి పనికిరావు.

కరెంటు బిల్లు భయం పెట్టకండ్రి దొరా. నాలుగు పెద్దసెల్లులు నిండుగ ఎక్కితే వాటిలో ఉండేది పది వాట్ అవర్ల లోపే. నష్టాలు కలిపి ఇరవై అనుకున్నా ఒక యూనిటుకు, అంటే వెయ్యి వాట్ అవర్లకు, యాభైసార్లు నింపొచ్చు.

తమ పెట్టెలో తమతో వచ్చిన సెల్లుల మీద ఏం రాసి ఉండెనో గుర్తుందా? 4000 ఎంఏహెచ్. పెన్సిల్ సెల్లు డొక్కలో అంత పట్టదు. నికెల్ పెద్దసెల్లు నిజంగ ఇచ్చేది 1900 నుంచి 2700 నడుమ, సన్నసెల్లు 750 నుంచి వెయ్యి చిల్లర. లేబులు ఎన్ని అబద్ధాలైనా చెప్తది, కాటా చెప్పదు. బంగారం దుకాణం త్రాసు మీద పెడితే అసలు పెద్దసెల్లు 26 నుంచి 31 గ్రాములు తూగుతది. 16 గ్రాములే తూగిందంటే లోపల సగం గాలి, దాని మీద బేరం కూడ దండుగ. ఐఎస్ 16046 అనే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నదా అని గూడ చూడాలె.

పెద్ద అంకె మోజు ఇంకోటి గూడ చెడగొడుతది. 2700 లాంటి పాత రకం నికెల్ సెల్లులు నింపి అరలో పెడితే కూసున్న కాడనే నెలలో పావు వంతు దాంక కరిగిపోతయి. 2005లో జపాన్‌లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం ఏడాది పెట్టినా ఎక్కువ శాతం నిలుపుకుంటది. ఇప్పుడు ఆ రకం చాలామంది చేస్తరు, పెట్టె మీద 'రెడీ టు యూజ్', 'ప్రీ చార్జ్డ్' అని ఉంటది. ఇంటికి కావాల్సింది ఈ 2000 రకమే. 2500 పైన వాటికి చార్జింగు సార్లు గూడ తక్కువ. పెండ్లిళ్ల సీజన్‌లో ఫ్లాష్‌కు నాలుగేసి సెల్లులు తినిపించే ఫొటోగ్రాఫర్‌కు 2500 పనికొస్తది, మనకు కాదు.

ఎక్కడ వేయాలె, ఎక్కడ వద్దు? గోడ గడియారానికి వద్దు. అది తాగేది చుక్కలు, పది ఇరవై రూపాయల జింక్ సెల్లు ఏడాది లాగుతది. పిల్లల ఆటబొమ్మలు, బతుకమ్మ కాడ పట్టుకునే కార్డ్‌లెస్ మైకు, టార్చి, వీటికి నికెల్ సెల్లు బంగారం. బీపీ మిషన్‌కు మాత్రం జర ఆలోచించాలె. నాలుగు మామూలు సెల్లులు 6 వోల్టులిస్తయి, నాలుగు నికెల్ సెల్లులు 4.8. కొన్ని మిషన్లు నిండు సెల్లులకే బ్యాటరీ అయిపోయిన గుర్తు చూపిస్తయి. కంపెనీ పుస్తకంలో చార్జబుల్ సెల్లు వాడొచ్చని ఉంటేనే వేయాలె. దేంట్లోనైనా సెల్లులన్నీ ఒక్క కంపెనీవి, ఒక్కనాడు కొన్నవి ఉండాలె. మార్కర్‌తో తేదీ రాసి జట్టు కట్టాలె. నాలుగింట్లో బలహీనమైంది ముందు ఖాళీ అయిందంటే మిగిలిన మూడు దాన్ని తోసి తిరగబెడతయి, మైనస్ ప్లస్ అయితది, ఆ సెల్లు ఇగ బాగుపడదు.

తమ పక్కింటికి కొత్తగ వచ్చిన అల్లుడొకడున్నడు, ఒంటికే యూఎస్‌బీ రంధ్రం పెట్టుకున్న 1.5 వోల్టు లిథియం సెల్లు. లోపల 3.7 వోల్టుల లిథియం, దాన్ని దించే చిన్న సర్క్యూటు. బీపీ మిషన్ దగ్గర మంచోడే, చివరి దాంక 1.5 తగ్గకుండ ఇస్తడు, చివరికి చెప్పా పెట్టకుండ పోతడు. రేడియో దగ్గర పెడితే గుర్రుమంటడు. వాని లేబులు మీద 3000 చూసి మురవొద్దు, అది ఎండబ్ల్యూహెచ్, మిల్లీవాట్ అవర్ల లెక్క. 1.5తో భాగిస్తే 2000 ఎంఏహెచే. వాడిని తమ గుంటల్లో పెట్టినా, ఏ నికెల్ చార్జరులో పెట్టినా ఆగమే.

బాయికాడికి రాత్రి పోయేటోళ్ల హెడ్‌లైట్లలో ఉండే 18650 సెల్లు వేరే కులం. 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు, నిండితే 4.2 వోల్టులు. దానికి లిథియం చార్జరే కావాలె. 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే నవ్వి పక్కకు పెట్టాలె, మంచి కంపెనీది చానావరకు 3500 చిల్లర దాటదు, 45 గ్రాములకు పైగ తూగుతది.

చచ్చిన సెల్లులు చెత్తబండిలో వేసుడు గూడ తప్పే. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసేటోళ్లదే. సెల్లు మీద కొట్టేసిన చెత్తడబ్బా బొమ్మ అందుకే ఉంటది.

ఇంత చెప్పినంక తమరిని కొలువులోంచి తీసేస్తమనుకుంటున్నరేమో. ఒక్క పని మిగిలింది దొరా. ఏడాదిగ టార్చిలో మర్చిపోయిన నికెల్ సెల్లు అర వోల్టు కిందికి పడిపోతది. తెలివి చార్జరులో పెడితే అక్కడ సెల్లే లేనట్టు మొఖం తిప్పుకుంటది. తమరికి ఆ తెలివి లేదు గనుక ఏం పెట్టినా ఎక్కిస్తరు. పక్కన జోడీకి అదే రకం ఖాళీ సెల్లు పెట్టి, పది పదిహేను నిమిషాలు తమ గుంటలో ఉంచి, ఒక వోల్టు దాటంగనే తీసి కొత్త చార్జరుకు అప్పజెప్తం. లిథియం సెల్లుతో మాత్రం ఈ పని చేయించం, 2.5 కిందికి పడ్డ లిథియం సెల్లు పని అయిపోయినట్టే.

డ్యూటీ పదిహేను నిమిషాలు, ఫోన్‌లో అలారం పెట్టి. కూలి లేదు. తమరు ఎట్లాగూ పుకట్‌కు వచ్చినోళ్లే గద.

ఇట్లు,
తమ గుంటల్లో ఎండిపోయిన నాలుగు సెల్లుల తరఫున