అసైన్‌మెంట్ ఒట్టి పేరు మార్పు కాదు: ఒంటారియోలో చేతులు మారుతున్న కొత్త ఇళ్ల ఒప్పందాల గురించి

ఇంకా కట్టని కాండోనో (సముదాయంలోని ఫ్లాటు) విడి ఇంటినో బిల్డర్ దగ్గర కొనుక్కున్న వ్యక్తి, అది తన పేర రిజిస్టర్ కాకముందే ఆ కొనుగోలు ఒప్పందాన్ని మరొకరికి అప్పగించడాన్ని ఒంటారియోలో అసైన్‌మెంట్ అంటారు. దీని గురించి ఇక్కడి తెలుగువారి మధ్య ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. అసైన్‌మెంట్ అంటే ఒప్పందంలో పేరు మారడమేనని, ఆ ఒప్పందాన్ని మొదట కొన్నవారి లాయరు పది రోజుల రద్దు గడువులో చూసే ఉంటాడని, బిల్డర్ సమ్మతి ఇచ్చాడంటే అంతా సవ్యంగా ఉన్నట్టేనని, అక్కడితో అమ్మినవారి బాధ్యత తీరిపోతుందని, హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) ధరలోనే కలిసి ఉంటుందని, కాబట్టి లాయరును క్లోజింగ్ (మిగిలిన డబ్బు కట్టి ఇంటిని పేర రాయించుకోవడం) సమయానికి కలిస్తే చాలునని అందులో ఉంది. అది పంపినవారి ఉద్దేశం తోటివారికి ఖర్చు తగ్గించడమే కావచ్చు. కానీ జీవితకాలపు పొదుపును ఒక సంతకంతో పణంగా పెట్టే కుటుంబాలు దాన్ని నమ్ముతున్నాయి కనుక, అందులోని మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరమనిపించింది.

మొదటి మాట, ఇది పేరు మార్పు మాత్రమేనన్నది. అసైన్‌మెంటులో కొనేవారికి దక్కేది ఇల్లు కాదు, వేరొకరు కుదుర్చుకున్న ఒప్పందంలో వారి స్థానం. ఆ స్థానంతో పాటు హక్కులెన్ని వస్తాయో బాధ్యతలూ అన్నీ వస్తాయి: మిగిలిన డిపాజిట్ వాయిదాలు, క్లోజింగ్ నాటి సర్దుబాట్లు, బిల్డర్ తేదీలను జరుపుకునే వెసులుబాటు, నేల ప్రణాళికలో మార్పులు చేసే అధికారం, వీటన్నిటికీ మీరే సంతకం చేసినట్టు లెక్క. వాడిన ఇంటిని కొనే ఒప్పందం కొద్ది పేజీల్లో ముగుస్తుంది గానీ, బిల్డర్ ఒప్పందం షెడ్యూళ్లు, అనుబంధాలు, టేరియన్ వారంటీ సంస్థ నిర్దేశించిన అడెండం (అదనపు షరతుల పత్రం) కలుపుకుని చాలా పెద్ద కట్ట అవుతుంది. దాన్ని రాసింది బిల్డర్ లాయర్లు, బిల్డర్ ప్రయోజనం కోసం.

రెండో మాట, మొదటివారి లాయరు చూసే ఉంటాడన్నది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా అభిప్రాయం. 1998 నాటి ఒంటారియో కాండోమినియం చట్టం కొత్త కాండో కొన్నవారికి పది రోజుల్లోపు ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఇస్తుంది. అది బిల్డర్ నుంచి నేరుగా కొన్న వ్యక్తికి ఇచ్చిన హక్కు. ఏళ్ల తర్వాత అతని స్థానంలోకి వచ్చినవారికి ఆ పది రోజులు మళ్లీ మొదలవుతాయని ఆశించకూడదు. ఆ గడువులో మొదటి కొనుగోలుదారు లాయరును కలిశాడో లేదో మీకు తెలియదు. కలిసినా, ఆ లాయరు చూసింది అతని పరిస్థితిని, అతని అవసరాలను. మీ ఆదాయం, మీ ఇమ్మిగ్రేషన్ హోదా, ఆ ఇంట్లో మీరు ఉంటారా అద్దెకిస్తారా అన్నవి ఆ పరిశీలనలో లేనే లేవు.

ఇంకొక సంగతి ఉంది. ఆ పది రోజుల్లో మంచి లాయరు చేసే ముఖ్యమైన పని, మునిసిపాలిటీ వసూలు చేసే డెవలప్‌మెంట్ ఛార్జీలు, విద్యా లెవీలు, మీటర్ల ఖర్చుల వంటి వాటిలో కొనుగోలుదారుపై పడే భారానికి ఒక గరిష్ఠ పరిమితి రాయించడం. అమ్మేవారు ఈ పరిమితిని చూపించి ధర పెంచుతారు కూడా. కానీ చాలా మంది బిల్డర్లు ఇటువంటి రాయితీలు మొదటి కొనుగోలుదారుకు మాత్రమే వర్తిస్తాయని, ఒప్పందం చేతులు మారితే రద్దవుతాయని అదే కట్టలో ఇంకో పేజీలో రాస్తారు. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ విషయం బయటపడదు. పరిమితి నిలుస్తుందనుకుని కొన్నవారికి క్లోజింగ్ ముందు వచ్చే లెక్కల పత్రంలో వేల డాలర్ల అదనపు మొత్తం కనబడుతుంది, అప్పటికి తప్పుకునే దారి మూసుకుపోయి ఉంటుంది.

బిల్డర్ సమ్మతి సంగతి చూద్దాం. ఆ సమ్మతి తప్పనిసరి అన్నది నిజమే, అది లేకుండా అప్పగిస్తే సాధారణంగా ఒప్పంద ఉల్లంఘన అవుతుంది. అనుమతి లేకుండా అమ్మకానికి ప్రకటన ఇవ్వడాన్నే ఉల్లంఘనగా పరిగణించి, డిపాజిట్ జప్తు చేసుకునే హక్కు రాసుకున్న ఒప్పందాలూ ఉన్నాయి. అయితే సమ్మతి పత్రం చెప్పేది, ఈ మార్పుకు బిల్డర్‌కు అభ్యంతరం లేదని మాత్రమే. అమ్మేవారు వాయిదాలన్నీ కట్టారా, వారికి ఉల్లంఘన నోటీసేదైనా వచ్చిందా, ఒప్పందానికి తర్వాత చేసిన సవరణలు ఎన్ని అన్న ప్రశ్నలకు అది తనంతట తాను జవాబివ్వదు. వాటిని అడిగి రాతపూర్వకంగా రాబట్టాలి. సమ్మతికి బిల్డర్ రుసుము తీసుకుంటాడు, షరతులు పెడతాడు, కొత్త కొనుగోలుదారు ఫలానా తేదీలోపు బ్యాంకు రుణ ఆమోదం చూపాలంటాడు. ఆ పత్రం తయారుచేసే లాయరు బిల్డర్ మనిషి. మీకు హాని చేసే క్లాజును మీకు చూపించవలసిన బాధ్యత అతనికి లేదు.

అమ్మినవారి బాధ్యత తీరిపోతుందన్న మాట అమ్మేవారిని ఎక్కువగా మోసగిస్తుంది. ఒప్పంద చట్టంలో హక్కులను ఇంకొకరికి బదలాయించవచ్చు గానీ, బాధ్యతల నుంచి తప్పుకోవాలంటే అవతలి పక్షం స్పష్టంగా విముక్తి ఇవ్వాలి. బిల్డర్లు సాధారణంగా ఆ విముక్తి ఇవ్వరు. కొత్త వ్యక్తి క్లోజింగ్ చేయలేకపోతే బిల్డర్ మొదటి కొనుగోలుదారునే పట్టుకోవచ్చు, ఇంటిని తక్కువ ధరకు తిరిగి అమ్మవలసి వస్తే ఆ తేడాను రాబట్టడానికి కోర్టుకు వెళ్లవచ్చు. 2022 తర్వాత టొరంటో పరిసరాల్లో కాండో ధరలు పడిపోయిన దశలో ఇది ఊహకే పరిమితమైన భయం కాదు. బ్యాంకు సాధారణంగా రుణం ఇచ్చేది ఒప్పందపు ధరను మాత్రమే చూసి కాదు, క్లోజింగ్ నాటి మదింపు విలువను చూసి. ఆ రెంటి మధ్య తేడాను చేతి డబ్బుతో పూడ్చలేని కొనుగోలుదారు వెనక్కి తగ్గితే, ఏడాది క్రితమే అంతా ముగిసిందనుకున్న అమ్మకందారు ఇంటికి నోటీసు వస్తుంది.

హెచ్‌ఎస్‌టీ గురించిన మాట మరీ పాతబడింది. పూర్వం ఒక వ్యక్తి చేసే అసైన్‌మెంటుకు పన్ను పడుతుందా లేదా అన్నది, అతను మొదట కొన్న ప్రధాన ఉద్దేశాన్ని బట్టి ఉండేది. 2022 మే 7 నుంచి సమాఖ్య చట్టం ఆ సందేహానికి తావివ్వకుండా, కొత్తగా కట్టే ఇళ్ల విషయంలో వ్యక్తులు చేసే అసైన్‌మెంట్లన్నిటినీ పన్ను పరిధిలోకి తెచ్చింది. ఇంటి ధరలో హెచ్‌ఎస్‌టీ కలిసి ఉంటుందన్నది బిల్డర్‌కు కట్టే మొత్తానికి సంబంధించిన మాట. అమ్మేవారికి విడిగా ఇచ్చే మొత్తంపై పడే పన్ను వేరు. ఒక ఉదాహరణ తీసుకుందాం. అసలు ధర 7 లక్షల డాలర్లు, అమ్మేవారు బిల్డర్‌కు కట్టిన డిపాజిట్ 1,40,000 డాలర్లు, వారికి రావలసిన లాభం 60,000 డాలర్లు అనుకుందాం. కొనేవారు అమ్మేవారికి ఇచ్చేది మొత్తం 2 లక్షలు. అందులో 1,40,000 డాలర్లు డిపాజిట్ తిరిగి చెల్లింపు అని అసైన్‌మెంట్ ఒప్పందంలో విడిగా రాసి ఉంటే, 13 శాతం పన్ను 60,000 మీదే పడుతుంది, అంటే 7,800 డాలర్లు. ఆ ఒక్క వాక్యం లేకపోతే 2 లక్షల మీద లెక్కగట్టే వీలుంది, అప్పుడు 26,000 డాలర్లు. ఈ 18,200 డాలర్ల తేడా నిలబడింది ఒక వాక్యం మీద. ఆ పన్ను చెప్పిన ధరలో కలిసి ఉందా, దానిపై అదనమా అన్నది కూడా రాసుకోకపోతే, చివర్లో ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకోవలసి వస్తుంది.

దీనికి తోడు, హెచ్‌ఎస్‌టీలో కొంత తిరిగి ఇచ్చే కొత్త ఇంటి రిబేటు ఒకటుంది. బిల్డర్ చెప్పే ధరలో, కొనుగోలుదారు గానీ అతని దగ్గరి బంధువు గానీ ఆ ఇంట్లోనే నివసిస్తారన్న అంచనాతో రిబేటును ముందే తగ్గించి ఉంచుతారు. ఇప్పటికే నడుస్తున్న చాలా ఒప్పందాల్లో ఒంటారియో వాటాయే 24,000 డాలర్ల వరకు ఉంటుంది. ఒప్పందం చేతులు మారితే ఆ తగ్గింపు ఇవ్వబోమని రాసి ఉన్నా, మీరు ఇంటిని అద్దెకివ్వదలచుకున్నా, క్లోజింగ్ నాడు ఆ మొత్తాన్ని ముందు కట్టి, అర్హత ఉంటే తర్వాత మీరే ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. అమ్మేవారికి ఆదాయపు పన్ను బెడద వేరే: 2023 నుంచి 365 రోజుల లోపు ఒప్పందాన్ని అమ్మితే, చట్టం పేర్కొన్న మినహాయింపులు లేనంతవరకు, లాభమంతా వ్యాపార ఆదాయంగా లెక్కకు వస్తుంది.

మన వారిలో వర్క్ పర్మిట్ మీద ఉన్నవారు తమ విషయంలో ఇంకొకటి చూసుకోవాలి. ఒంటారియోలో విదేశీయులపై 25 శాతం నాన్ రెసిడెంట్ స్పెక్యులేషన్ టాక్స్ ఉంది, విదేశీయుల కొనుగోళ్లపై సమాఖ్య నిషేధమూ ఉంది. మినహాయింపులు లేకపోలేదు గానీ, అవి ఆస్తిని పొందే వ్యక్తి హోదాను బట్టి వస్తాయి; మొదట కొన్నవారు పౌరులు కావడం మీకు అక్కరకు రాదు.

డబ్బు భద్రత గురించి ఆ సందేశం అసలు మాట్లాడలేదు. కాండో డిపాజిట్లలో 20,000 డాలర్ల వరకు టేరియన్ రక్షణ ఉంటుంది, మిగతా వాటిని ట్రస్టులో ఉంచడమో బీమాతో కాపాడడమో చేయాలని కాండోమినియం చట్టం చెబుతుంది. ఈ రక్షణ అంతా బిల్డర్‌కు చేరిన సొమ్ముకే. ప్రాజెక్టు మధ్యలో రద్దయితే, అమ్మేవారికి మీరు ఇచ్చిన 60,000 డాలర్ల లాభాన్ని బిల్డర్ తిరిగి ఇవ్వడు, ఎందుకంటే అది అతనికి చేరనే లేదు. ఆ సొమ్మును క్లోజింగ్ వరకు లాయరు ట్రస్టు ఖాతాలో ఉంచాలా, సమ్మతి రాగానే అమ్మేవారికి విడుదల చేయాలా, ప్రాజెక్టు రద్దయితే ఎవరు ఎంత తిరిగి ఇవ్వాలి అన్నవి అసైన్‌మెంట్ ఒప్పందంలోనే తేల్చుకోవాలి. ఆక్యుపెన్సీ (రిజిస్టర్ కాకముందే ఇంట్లో ఉండే దశ) మొదలైపోయిన కాండో అయితే, బిల్డర్‌కు నెలనెలా కట్టే ఆక్యుపెన్సీ ఫీజు ఎవరి నెత్తిన పడుతుందో కూడా అక్కడే రాయాలి. ఆ ఫీజు ఇంటి ధరలో జమ కాదు.

లాయరును క్లోజింగ్‌కు కలిస్తే చాలన్న చివరి మాటకు జవాబు పై సంగతుల్లోనే ఉంది. క్లోజింగ్ నాటికి లాయరు చేయగలిగేది సంతకమైన దాన్ని అమలుచేయడమే. ఒకవేళ ఏజెంటు తొందరపెట్టి సంతకం ముందే కావాలంటే, మీ లాయరు పత్రాలన్నీ చదివి తృప్తి చెందే వరకు ఒప్పందం మిమ్మల్ని బంధించదని, తృప్తి చెందకపోతే డిపాజిట్ పూర్తిగా వాపసు ఇవ్వాలని, దానికి ఇన్ని రోజుల గడువని ఒక షరతు రాయించుకోవాలి. ఆ గడువు లెక్క మొదలవవలసింది సంతకం నుంచి కాదు. అసలు ఒప్పందం, దాని సవరణలన్నీ, డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (ప్రాజెక్టు వివరాలను బిల్డర్ వెల్లడించే పత్రం), డిపాజిట్ రసీదులు, బిల్డర్‌తో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు మీ లాయరు చేతికి అందిన రోజు నుంచి. అమ్మేవారు మొదటి రెండు పేజీలే ఇచ్చి మిగతావి తర్వాత పంపిస్తామంటే, అవి వచ్చేదాకా చెక్కు రాయకండి.