201వ యూనిట్ మహిమ

తెలంగాణలో 2024 మార్చి నుంచి జీరో బిల్లులు ఇస్తున్న గృహజ్యోతిని ఉచిత కరెంటు పథకమని మాత్రమే పిలిచేవారు దాని ఔన్నత్యాన్ని గ్రహించలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇది ఇంటికో లెక్కల మాస్టారును తయారుచేసే బృహత్తర విద్యా ప్రణాళిక.

తెల్ల రేషన్ కార్డున్న ఇంటి మీటరు నెలకు 200 యూనిట్ల దగ్గర ఆగితే బిల్లు మీద సున్నా వస్తుంది. ఇంకొక్కటి తిరిగిందా, ఆ ఒక్కదానికే కాదు, మొత్తం 201కీ కట్టాలి. పైగా ఆ ఇల్లు పై శ్లాబులోకి వెళ్లిపోతుంది గనుక మొదటి 200 యూనిట్లకు రూ.5.10, ఆ చివరిదానికి రూ.7.70 చొప్పున ఎనర్జీ చార్జీయే రూ.1,027.70 అవుతుంది, ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ దాని వెనకాల వస్తాయి. ఒక్క యూనిట్‌కు ఇంతటి మర్యాద మరెక్కడా జరిగినట్టు నేను వినలేదు.

అందుచేత నెలాఖరున ఇంటి యజమాని మీటరు ముందు నిలబడి, అంకెలు ఒకటొకటిగా మారుతుంటే అసలు రీడింగు వచ్చేదాకా కాచుకుని, కిందటి నెల బిల్లులోని అంకెను అందులోంచి తీసేసి, కూలరు భవితవ్యాన్ని ప్రకటిస్తాడు. రామగుండంలో ఈ క్రతువు మరీ రమ్యంగా ఉంటుంది. ఊళ్లోనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం, నడినెత్తిన మే నెల ఎండ, ఇంట్లో ఆపేసిన కూలరు! దేశానికి కరెంటు పంపే ఊరు విసనకర్రతో సరిపెట్టుకోవడాన్ని త్యాగమనక మరేమంటాం?

అద్దె ఇళ్లవారికీ పథకం వర్తిస్తుందని సర్కారు ఉదారంగానే చెప్పింది. మీటరు మాత్రం వేరుగా ఉండాలి. మూడు పోర్షన్లకు ఒకటే మీటరున్న ఇంట్లో ముగ్గురు పేదల వాడకం కలిసి 200 దాటుతుంది కాబట్టి, ముగ్గురు పేదలు కలిస్తే ఒక ధనవంతుడవుతాడనే ఆర్థిక సూత్రం మన సందుల్లోనే రుజువైంది.

ఇక పేదరికం ఉంటే చాలదు, దానికి కాగితం కావాలి. 2023 డిసెంబరు 28 నుంచి జనవరి 6 దాకా సాగిన ప్రజాపాలన సభల్లో దరఖాస్తు పెట్టినవారికి ఆధార్, రేషన్ కార్డు, కరెంటు సర్వీసు నంబరు ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే మండల పరిషత్ కార్యాలయం ఎలాగూ ఉంది. కొత్త రేషన్ కార్డులు ఏళ్ల తరబడి రాని ఆ కాలంలో, పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు ఎంత నిరుపేద అయినా, సర్కారు దృష్టిలో తండ్రిగారి పేదరికంలో వాటాదారు మాత్రమే.

వంటగ్యాసు సంగతి ఇంకా గొప్పది. ఇక్కడ రూ.500 సిలిండరైనా, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1న దీపం-2 కింద మొదలైన ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లైనా, గ్యాసు బండి వచ్చినప్పుడు పూర్తి ధర చేతిలో పెట్టాలి, రాయితీ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే కూలి డబ్బులతో పొయ్యి వెలిగించుకునే ఇల్లాలు ముందుగా ప్రభుత్వానికి చేబదులు ఇస్తోంది. ఇంతవరకు ఆవిడ వడ్డీ అడగకపోవడం వల్ల రెండు ఖజానాలూ నిలదొక్కుకున్నాయి.